మా ఆవిడకు కనిపించిన సిగ్నల్

ముప్పై ఏళ్లు గుంతకల్లులో గూడ్సు బండ్లు నడిపి రిటైరయ్యాను. శుక్లం ఆపరేషన్ అయిన మా ఆవిడ కంట్లో నెలంతా చుక్కలు వేసింది నేనే. ఈ సాయంత్రం ఇద్దరం స్టేషన్ వంతెన మీద నిలబడ్డాం. ఆవిడ నల్లద్దాలు తీసి పట్టాల వైపు చూసింది.

"అదో, ఆ చివర సిగ్నలు పచ్చ పడినాది. మీకు కనపడలేదా ఏమి?"

"ముప్పై ఏండ్లు సిగ్నళ్లు చూసినోన్ని. నువ్వు చెప్పాల్నా నాకు?"

ఆవిడ కంట్లో పెట్టింది గోరంత లెన్సు. దాని మీద నాకింత కుళ్లేమిటో!

నిజం మీకే చెబుతున్నాను. నాకు సిగ్నల్ కాదు కదా, దాని స్తంభమే కనిపించలేదు. నా కంట్లోనూ చుక్కలు వేయమని ఇప్పుడావిడను ఏ మొహం పెట్టుకుని అడగమంటారు?