మూత తీయకముందే

దయ్యాలు, బాణామతి ఉన్నాయన్నవాళ్లతో ఊరూరా తిరిగి వాదించినవాణ్ణి. ఇప్పటికీ నా పక్షం మారలేదు. అందుకే ఇది రాయడం కష్టంగా ఉంది.

బచ్చన్నపేట దగ్గర ఒక పల్లెలో పాల కేంద్రం ఉంది. పాలు పోయగానే పోసినవాళ్ల పేరు, లీటర్లు, ఫ్యాట్ గోడమీది తెరపై ఒక వరుసగా పడతాయి. ఆ కంప్యూటర్ చూసేది నా బావమరిది రవి. అందులో లినక్స్ కెర్నల్, అంటే కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రామ్, అప్‌గ్రేడ్ చేసిన మర్నాటి నుంచి, స్వరూప అనే ఆమె పోస్తే తెరపై ఆమె వరుస పడేది కాదు. సాయంత్రం ఆమె ఇంకా రాకముందే, వేరెవరో పోయగానే ఆమె పేరు పడేది. అదే వారం ఊళ్లో ఒక బర్రె చచ్చింది. ఇంకేం, అందరూ ఆమె మీద పడ్డారు.

రవి పిలిస్తే నేను వెళ్లేసరికి మల్లయ్య అనే రైతు కేకలేస్తున్నాడు.

"గామె రాంగనే మిషన్ మూగవోతది సారూ. ఇంటికాడుంటె పేరొస్తది. గిది బాణామతి గాకపోతె ఏంది?"

"నాకు బాణామతే వస్తె, ముందుగాల నీ నోరు మూగజేద్దును మల్లన్నా" అంది స్వరూప.

కొందరు నవ్వారు. ఆ పూట తేలకపోతే ఆమెను ఊరొదిలి పొమ్మన్నారు.

రవి కారణం పట్టాడు. అప్‌గ్రేడ్ తర్వాత ప్రోగ్రామ్ రాసే ప్రతి వరుసా లోపలే ఆగుతోంది. తరువాతి వరుస వచ్చి తోస్తేగాని బయటికి రావడం లేదు. మిగతావాళ్లకు వెనకే ఇంకో మనిషి ఉంటాడు, ఆలస్యం తెలియదు. దూరంగా చేన్లో ఇల్లున్న స్వరూప ఎప్పుడూ చివరిది. ఆమె వెనక ఎవరూ లేరు; సాయంత్రం మొదట పోసినవాళ్లు తోసేదాకా ఆమె వరుస లోపలే. అంతే.

మాటలతో సరిపెట్టలేదు. ఆ పొద్దున స్వరూపను ఆగమని, మల్లయ్యను చివర పోయమన్నాను. అతని వరుస పడలేదు.

"మల్లన్నా, నీకు గూడ బాణామతి అచ్చిందా ఏంది?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఊరంతా గొల్లుమంది.

రవి లోపం సరిచేశాడు. ఆగిన మల్లయ్య వరుస బయటికొచ్చింది. స్వరూప క్యాన్ తెచ్చి మిషన్ పక్కన పెట్టింది. వెంటనే తెరపై ఆమె పేరు, లీటర్లు, ఫ్యాట్ పడ్డాయి.

"సూడుండ్రి, ఎంటనే అచ్చింది!" గుమ్మం దగ్గర చప్పట్లు.

స్వరూప నా వైపు వంగి మెల్లగా చెప్పింది. "అన్నా, నేనింక మూత తియ్యలే."

చూశాను. మూత బిగించే ఉంది. కొలిచే గిన్నె ఖాళీగా ఉంది. ఆమె పాలు పోసింది. రవి చేత్తో కొలిచి, ఫ్యాట్ విడిగా పరీక్షించాడు. తెరమీద ఉన్నంతే. పోశాక తెరపై రెండో వరుస పడలేదు. పాత వరుస ఏదైనా మళ్లీ వచ్చిందేమోనని ఆమె లెక్కలన్నీ వెతికాం. అలాంటి కొలత ఇంతకుముందు లేదు.

ఊరు ఆమెను మళ్లీ ఒక్క మాట అనలేదు. ఆమెలో ఏ బాణామతీ లేదు, ఆ మాట ఏ వేదిక మీదైనా గొంతెత్తి చెబుతాను. వరుసలు ఆలస్యం ఎందుకయ్యాయో కూడా చెప్పగలను. ఆ ఒక్క వరుస ముందెలా వచ్చిందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.

స్వరూప ఈనాటికీ మూత తీసేముందు ఒకసారి తెరవైపు చూస్తుందట.