డిక్కీ మూత కింద బూటు రబ్బరు

నాన్న అంబాసిడర్ డిక్కీ మూత కింద ఉండే రబ్బరు ముక్కలను ఈరోజు మార్పించాను. మెకానిక్ ఇంటికే వచ్చి, అరిగి రాయిలా గట్టిపడ్డ పాతవాటిని ఊడదీసి నా చేతిలో పెట్టాడు. ఒకదాని మీద బూటు అడుగు గీతలు ఇంకా కనిపిస్తున్నాయి.

గోదావరిఖనిలో పెరిగిన మనవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పట్టపగలు కిటికీకి దుప్పటి కట్టి ఉందంటే, ఆ ఇంట్లో నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషి పడుకున్నట్టు. ఆ గోడ పక్కన మనం గోలీలాట కూడా అరుపుల్లేకుండానే ఆడేవాళ్లం.

ఒక పొద్దున నేనది మరిచిపోయి, నాన్న కిరాయికి నడిపే ఈ కారు డిక్కీని ధడేల్మని వేశాను. పక్కింటి రాజేశం కాక ఎర్రటి కళ్లతో వచ్చి గడపలో కూర్చున్నాడు. ఆయనకు మళ్లీ నిద్ర పట్టలేదు. సాయంత్రం నాన్న ఆయన్ను డ్యూటీకి పోనివ్వలేదు.

"నిద్ర లేని మనిషి బొగ్గుబాయిల దిగొద్దు. ఇయ్యాల నాగా పెట్టు తమ్మీ," అన్నాడు.

నా వల్ల కాకకు ఒక రోజు కూలి పోయిందని నేను తలుపు చాటున ఏడ్చాను. మర్నాడు కాక తన పాత డ్యూటీ బూట్ల అడుగులు కోసి రెండు ముక్కలు తెచ్చాడు.

"డిక్కీకి ఇవి పెట్టు అన్నా. పిల్లనేమనకు. రబ్బరు లేక చప్పుడైంది, గంతే."

ఇప్పుడు నాన్న లేడు, కాక కూడా లేడు. కొత్త రబ్బర్ల మీద మూత చప్పుడు లేకుండా ఆనింది. అయినా పక్కింటి కిటికీ వైపు చూశాను. దానికి దుప్పటి కట్టి లేదు.