సున్నాలక్క

ఆఫీసులో ఆమెను అందరూ సున్నాలక్క అంటారు. పాచికలు వేసి ఆడే కథల ఆటల నియమాల పుస్తకాలు దిద్దడం ఆమె పని. ఏ నియమం ఏ పేజీలో పడుతుందో తెలియక, రాసేవాళ్లు "00వ పేజీ చూడండి" అని వదిలేస్తారు. ఆమె స్కేలు ఆనించి, పెదవులు కదుపుతూ చదివి, ఆ సున్నాలు కొట్టేసి అసలు అంకె వేస్తుంది. ఇరవై ఏళ్లలో ఒక్క సున్నా కూడా ఆమె కళ్లుగప్పి అచ్చుకు పోలేదు. భర్త పోయిన మూడో వారానికే మళ్లీ వచ్చి కూర్చుంది. ఏడవలేదు. ముందున్న టీ తాగనూ లేదు. "జంటలో ఒకరు చనిపోతే, మిగిలినవారు ఆట ఎలా సాగించాలో 00వ పేజీ చూడండి" అన్న వాక్యం తగిలింది. పుస్తకమంతా రెండుసార్లు వెతికి, రచయితకు ఫోన్ చేసింది.

"అయ్యో, అది రాయనే లేదక్కా! ఆ వాక్యం కొట్టేయండి."

"సరేలే" అంది. పెన్సిల్ చెవి మీద పెట్టుకుని పేజీ తిప్పేసింది. పుస్తకం ఆ సున్నాలతోనే అచ్చయింది.