వెనకవైపు డాక్టరుగారు

మా పళ్ళ డాక్టరుగారికి ఉన్నది ఒకటే జబ్బు: దేన్నైనా వెనక నుంచి చూస్తే గాని నమ్మరు. వంకరపళ్ళు సరిచేసే ఆయన దగ్గర తొమ్మిదేళ్ళు త్రీడీ స్కాన్లు తీసినదాన్ని కాబట్టి ఈ మాట ఒట్టేసి చెప్పగలను.

స్కాన్ తెర మీద పడగానే దవడను గిర్రున తిప్పేస్తారు. "మామూలు ఎక్స్‌రే అంటే గోడ మీద నీడమ్మా. ఏ పన్ను ముందుందో ఏది వెనకుందో దానికేం తెలుసు?" అంటారు. అక్కడితో ఆగితే బాగుండేది. కొత్త బీరువా వస్తే వెనక రేకు నచ్చలేదని తిప్పి పంపేశారు. గ్రూపు ఫొటోకి నిలబడమంటే ఫొటోగ్రాఫరు వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. ఆ ఫొటోలో ఆయనొక్కరే లేరు.

పేషెంట్లతోనూ అంతే. కుర్చీ వెనక చేరి అక్కడి నుంచే కబుర్లు. ఏ పక్క నములుతారు, చల్లనిది తాగితే జివ్వుమంటుందా అని అడుగుతుంటే, వాళ్ళు గోడకేసి జవాబులు చెప్పుకునేవారు. నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు ఒక టీచరమ్మ వచ్చింది. పై కోరపన్ను ఒకటి దిగనే లేదు. పక్కపళ్ళు ఆ ఖాళీలోకి ఒరిగిపోయాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడింది.

"రెండో తరగతికి చెప్తానండీ. నన్ను చూసి ముప్ఫై మంది పిల్లలూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పాఠం చదువుతున్నారు. హెడ్మాస్టరుగారు వచ్చి, అందరికీ ఒకేసారి పంటినొప్పి వచ్చిందా అని అడిగారు. సోమవారం రాజీనామా ఇచ్చేస్తాను."

నాకు నవ్వాగలేదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూశాక సిగ్గేసింది.

స్కాన్ గదిలో గడ్డం ఆన్చి నిలబెట్టి, "పదిహేను సెకన్లు కదలకండి" అని చెప్పి బయటికొచ్చాను. ఆవిడ మొహానికి ఎదురుగా ఉన్న అద్దం కిటికీలోంచి చూస్తూ మీట నొక్కాలి. తప్పు నాదే, నొక్కి కంప్యూటరుకేసి తిరిగాను. తెర మీద దవడ వచ్చింది, దవడ ముందు ఐదు వేళ్ళ ఎముకలూ వచ్చాయి.

డాక్టరుగారు దాన్నీ తిప్పి చూశారు.

"చెయ్యి బాగానే ఉంది. పళ్ళేవి?"

"ఈసారి చేతులు కట్టేసి తీస్తాను సార్."

"మాటిమాటికీ తీయడానికి ఇదేమన్నా ఫొటో స్టూడియోనా? ఇంకొక్కసారే. కిటికీకి కర్టెన్ వేసెయ్. నేను వెనక తలుపు అద్దంలోంచి చూస్తాను. మోచెయ్యి లేస్తే అక్కణ్ణుంచి తెలుస్తుంది."

"వెనకెందుకు సార్?"

"ముందు నుంచి చూసేవాళ్ళు ఆవిడకి ఊరినిండా ఉన్నారు కదమ్మా. నేను రోజూ కుర్చీ వెనక ఎందుకు నిలబడతాననుకున్నావు? మొహం చూసేవాళ్ళు లేకపోతే చెయ్యి దానంతటదే దిగుతుంది."

నిజమే. వచ్చినవాళ్ళంతా గోడకేసి మాట్లాడుతూ నోరారా నవ్వేవారు. ఇన్నేళ్ళూ అది నాకు తట్టనే లేదు.

ఆ పదిహేను సెకన్లూ టీచరమ్మ చెయ్యి లేవలేదు. డాక్టరుగారు బొమ్మను తిప్పి, అంగిలి పైన అడ్డంగా ఉన్న కోరపన్నును చూపించారు. "ఇదిగో, హాయిగా పడుకుంది. పక్కపళ్ళ వేర్లను ముట్టుకోలేదు. ఏదీ పీకక్కర్లేదు. చోటు చేసి, క్లిప్పులు వేసి మెల్లగా దింపుదాం. రాజీనామా మానేసి, అది ఎంత దిగిందో నెలనెలా మీ పిల్లలకి చూపించండి."

ఆవిడ రాజీనామా మాట మానేసింది. రెండేళ్ళకి క్లిప్పులు తీసిన రోజున లేచి, డాక్టరుగారికి ఎదురుగా నిలబడి, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. ఆ సంతోషంలో ఆయన మాస్కు దించి తానూ నవ్వబోయి, చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మా ముందు ఎప్పుడూ మాస్కు తీయరు, భోజనం కూడా తలుపేసుకుని చేసే మనిషి. ఆ అరక్షణంలో నేను చూసేశాను. ఆయన ముందుపళ్ళు రెండూ ఒకదాని మీదికొకటి ఎక్కి ఉన్నాయి.

నేను గోడకేసి తిరిగాను. టీచరమ్మ నెమ్మదిగా నడిచి ఆయన వీపు వెనక్కి వెళ్ళి నిలబడింది.

"ఇప్పుడు నవ్వండి డాక్టరుగారూ," అంది.