గురజాల దారి తెగలేదు

నాకు పని నేర్పిన మా ఉస్తాద్ పోయారు. మొన్న పొద్దున్నే గుండె ఆగిందని ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. నరసరావుపేటలో మా కేబుల్ ఆఫీసు నెట్ వాడే వాళ్లలో చాలామంది ఆయన్ని చూసి ఉండరు. అందుకే ఇది రాస్తున్నాను.

రేడియోలు బాగుచేసిన చేతులతోనే ఆయన ఊళ్లకు నెట్ పంచే స్విచ్‌లు నేర్చుకున్నారు. స్విచ్ గది బయట చెప్పులు విడిచేవారు. టీ గ్లాసుతో ఎవరైనా గడప దాటితే మండిపడేవారు. ఏది రీస్టార్ట్ చెయ్యాలన్నా ముందు ఆఫీసు ఫోన్ నుంచి, పక్క స్విచ్ చూసే గురజాల ఆపరేటర్‌తో మాట్లాడాల్సిందే. "తమ్ముడూ, రెండు నిమిషాలు మా దారి కొట్టెయ్యమాక" అనేవారు. నేను నవ్వుకునేదాన్ని.

ఏ ఊరికి ఎటు పంపాలో స్విచ్‌లు ఒకదానికొకటి చెప్పుకుంటూ ఉంటాయి. అదే రౌటింగ్. దాన్ని ఆపి మళ్లీ మొదలుపెడితే, పక్క ఊరి స్విచ్ మనం పోయామనుకుని దారి తీసేస్తుంది. 'మళ్లీ వస్తా, అందాకా పాత దారినే పంపు' అని ముందే ఒప్పించి పెట్టుకోవడమే గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్. అది చదివి, మహా తెలివైనదాన్ననుకుని మా స్విచ్‌లో పెట్టేశాను. ఆయన లేని పూట రౌటింగ్ రీస్టార్ట్ చేశాను. గురజాలలో ఆన్‌లైన్ పరీక్ష రాస్తున్న పిల్లల స్క్రీన్లన్నీ ఆగిపోయాయి.

ఆయన తిట్టలేదు. "గురజాల స్విచ్‌లో పెట్టావా?" అని అడిగారు.

"లేదు ఉస్తాద్."

"నువ్వు చెప్తే సరిపోద్దా అమ్మాయ్? పక్కోడు ఒప్పుకోవద్దూ?"

మర్నాడే ఇద్దరం గురజాల వెళ్లాం. అక్కడి స్విచ్ మా కోసం ఎంతసేపు ఎదురుచూడాలో అందులో నేను పెద్ద అంకె వేస్తుంటే ఆపారు. "మరీ అంత పెట్టమాక. నిజంగా పోయినోడి కోసం కూడా కూర్చుంటది" అన్నారు. తిరిగొచ్చి రీస్టార్ట్ చేశాం. 'ఉన్నావా?' అని మా కంప్యూటర్ పదేపదే అడుగుతుంటే, స్క్రీన్ మీద గురజాల స్విచ్ జవాబులు వరుసగా వస్తూనే ఉన్నాయి, ఒక్కటీ తప్పలేదు. నాకు కేక పెట్టాలనిపించింది. మోకాళ్ల నొప్పులున్న ఉస్తాద్ మెట్లు గబగబా దిగి, ఆఫీసు మొత్తానికీ మిరపకాయ బజ్జీలు తెచ్చారు. ఇది రాస్తుంటే ఆ వేడి ఇంకా నాలుక మీదే ఉంది.

ఆయన పోయిన రోజు మధ్యాహ్నం అంత్యక్రియలు. మాచర్లలో మంచం దిగలేని వాళ్లక్క తమ్ముణ్ణి వీడియోలోనే చూసుకోవాలి. మాచర్లకు మా నెట్ గురజాల మీదుగానే పోతుంది. సరిగ్గా అప్పుడే మా స్విచ్‌లో రౌటింగ్ మొరాయించింది. వదిలేస్తే కాసేపట్లో స్విచ్ మొత్తం ఆగిపోతుంది. రీస్టార్ట్ చేస్తే దారి నిలవాలి, లేదా ఆమె ముందు స్క్రీన్ నల్లబడిపోవాలి. అందరూ ఖబరస్తాన్‌కు వెళ్లారు, గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను.

చెప్పులు బయట విడిచి వచ్చి, ఆఫీసు ఫోన్ నుంచి గురజాలకు చేశాను.

"చెప్పు ఉస్తాద్" అన్నాడు ఆపరేటర్, ఆఫీసు నంబరు చూసి అలవాటుగా.

"అన్నా, నేను. రెండు నిమిషాలు మా దారి కొట్టెయ్యమాక."

"కానీ అమ్మా. ఉంచుతా."

ఎంటర్ నొక్కాను. ఒక జవాబు, ఇంకొకటి, ఇంకొకటి. రౌటింగ్ మళ్లీ లేచింది, వరుస తెగలేదు. ఈసారి నిజంగానే కేక పెట్టాను. బజ్జీలకు పరిగెత్తే మనిషి లేడని అప్పుడు గుర్తొచ్చి ఏడ్చాను.

సాయంత్రం వాళ్లక్క ఫోన్ చేసింది. "నెట్ చూసే అమ్మాయివి నువ్వేనా? మట్టి వేసేదాకా చానా బాగా కనపడ్డాడమ్మా మా తమ్ముడు. ఒక్కసారి కూడా ఆగలా."

ఆమె మాట్లాడుతూనే ఉంది. స్క్రీన్ మీద గురజాల జవాబులు ఒకదాని కింద ఒకటి వస్తూనే ఉన్నాయి.