సున్నాను మింగిన గడి

జనగామలో ధర్మకాంటా అంటే సరుకుతో ఉన్న లారీనో ట్రాక్టరునో అలాగే ఎక్కించి తూచే పెద్ద తూకం. మా సేటుకు అలాంటివి మూడు ఉండేవి. జనగామలో ఒకటి, మహబూబాబాద్‌లో ఒకటి, భూపాలపల్లిలో బొగ్గు లారీల కోసం ఇంకొకటి. మూడింటిలోనూ తూకం చీటీ తీసే ప్రోగ్రాం నేను రాసిందే. చీటీ మీద తేదీ, బండి నంబరు, బరువు, అంతే. అందులో ఏ గొడవైనా వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

అవి తెలంగాణ కోసం ఊరూరా టెంట్లు వేసుకుని కూర్చున్న రోజులు. బండ్ల మీద ఏపీ అన్న అక్షరాలు చెరిపేసి టీజీ అని రాసుకుంటున్నారు. మా బాపు కూడా తన ట్రాక్టరు నంబరు పలక మీద రాసుకున్నాడు. పెయింటరుకు ఇవ్వకుండా తనే కుంచె పట్టాడు. అక్షరాలు కాస్త వంకరగా వచ్చాయి. వాటిని చూసుకుని రెండు రోజులు మురిసిపోయాడు.

ఆ మురిపెం నాకు తెలుసు. నా చిన్నప్పుడు ఒక ఆఫీసులో బాపు ఏదో అడిగితే, అక్కడి గుమాస్తా ఆయన మాట విని నవ్వాడు. సినిమాలో కమెడియన్‌లా మాట్లాడుతున్నావేమిటి అన్నాడు. పక్కవాళ్లూ నవ్వారు. అప్పటి నుంచి బాపు ఏ ఆఫీసుకు వెళ్లినా నన్ను వెంట తీసుకెళ్లేవాడు. నేను పుస్తకంలో భాష మాట్లాడేదాన్ని, ఆయన గోడ పక్కన నిలబడేవాడు. టెంట్ల దగ్గరే మళ్లీ గొంతు విప్పాడు. రఘునాథపల్లిలో మైకు పట్టుకుని మాట్లాడాడని విని మా అమ్మ నమ్మలేదు.

ఇక కాంటా దగ్గర ఏం జరిగిందంటే, డ్రైవర్లు చీటీ మీద టీజీ అనే కొట్టమనేవారు. అలా కొడితే బండి కాగితాలతో కలవలేదని సరుకు దించే మిల్లు గేటు దగ్గర ఆపేవారు. ఏపీ అని కొడితే డ్రైవర్లు చీటీ ముట్టుకునేవారు కాదు. భూపాలపల్లిలో ఒకాయన లారీని కాంటా మీదే ఆపి, ఇంజను కట్టేసి, దిగి చాయ్ తాగడానికి వెళ్లిపోయాడు. వెనక లారీల వరుస రోడ్డు దాకా వెళ్లింది. సేటుకు తల ప్రాణం తోకకొచ్చింది.

"ఆ డబ్బాల అక్షరమే పట్టకుంట చెయ్యి బిడ్డా," అన్నాడు నాతో. "ఒట్టి అంకెలుంటె ఎవలు కొట్లాడుతరు?"

అది పెద్ద పనేం కాదు. తెర మీద బండి నంబరు కొట్టే గడిలో చివరి నాలుగు అంకెలే ఉంచాలి. అక్కడ నొక్కిన ప్రతి మీటనూ చూడాలి, అంకె అయితే రానివ్వాలి, కాకపోతే మింగేయాలి. మొదటిసారి చెరిపే మీటను కూడా మింగేశాను. కాంటా దగ్గర కూర్చునే అక్క ఒక అంకె తప్పు కొట్టి, దాన్ని తీయలేక, మిషన్ మొత్తం ఆపేసి నన్ను తిట్టింది. అది సరిచేశాక గొడవలు నిజంగానే ఆగిపోయాయి. రాజధానిలో పెద్దలకు తెగని పంచాయితీని నేను నాలుగు వరుసల్లో తెంపేశానని లోలోపల పొంగిపోయాను.

ఆ వారంలోనే బాపు పత్తి లోడుతో వచ్చాడు. తూకం వేయించుకుని, చీటీ తీసుకుని మిల్లుకు వెళ్లాడు. కాసేపటికే ట్రాక్టరు తిరిగి వచ్చింది. ఆకాశంలో మబ్బు కమ్ముతోంది. బాపు నంబరు సున్నాతో మొదలవుతుంది, చీటీ మీద ఆ సున్నా లేదు. అంకెలే కదా అని నేను దాన్ని బరువులాగే సంఖ్యగా దాచుకోమన్నాను, కంప్యూటరు ముందున్న సున్నాకు విలువ లేదని వదిలేసింది. ఇది ఏ బండి చీటీ అని గేటు దగ్గర అడిగారట.

"నువ్వేమన్నవ్ బాపు?" అని అడిగాను.

చీటీ నా ముందు పెట్టి, గోడ పక్కకు వెళ్లి నిలబడ్డాడు.

"టీజీ పాయె, సరే," అన్నాడు మెల్లగా. "నా సున్న ఏం జేసింది బిడ్డా? నువ్వే ఒచ్చి చెప్పు వాళ్లకు."

మళ్లీ ఆ గోడ దగ్గర ఆయన్ను చూసి నాకు ఏడుపొచ్చింది. టెంట్ల దగ్గర తెచ్చుకున్న గొంతు నా చీటీ దగ్గర పోతుందేమోనని భయపడ్డాను. బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తాం, అది సంఖ్య. బండి నంబరుతో ఎవరూ కూడికలు తీసివేతలు చేయరు. అది పేరు. అంకెలతో రాసుకున్న పేరు.

అక్కడే కూర్చుని మార్చాను. గడిలో అంకెలే పడతాయి, కానీ కొట్టింది కొట్టినట్టే, సున్నాతో సహా ఉంటుంది. ఆ పక్కనే ఇంకో పని కూడా చేశాను. చీటీ మీద నంబరుకు ముందు రెండు అక్షరాలు పట్టేంత జాగా ఖాళీగా వదిలాను. కొత్త చీటీ తీసి, నా పెన్ను బాపు చేతికిచ్చాను. ఆయన ఆ జాగాలో టీజీ అని రాసుకున్నాడు. వంకరగానే వచ్చింది. మిల్లువాళ్లు అచ్చులో ఉన్న అంకెలు చూసుకుని బండిని లోపలికి వదిలారు. తర్వాత డ్రైవర్లందరూ ఆ ఖాళీలో ఎవరికి నచ్చింది వాళ్లు రాసుకున్నారు. సేటు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

రాష్ట్రం వచ్చింది. బండ్లకు ఇచ్చిన అక్షరాలు మాత్రం టీజీ కాదు, వేరే. పాత బండ్ల కాగితాల్లో పాత అక్షరాలే ఉండిపోయాయి. ఆ తర్వాత ట్రాక్టరు కాగితాల పని మీద బాపుతో ఒక ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా తలెత్తకుండానే బండి నంబరు అడిగాడు. అలవాటుగా నేను నోరు తెరిచాను. బాపు నా భుజం మీద చెయ్యి వేసి, నన్ను పక్కకు జరిపి, బల్ల ముందుకు వచ్చాడు.

"అక్షరాలు మీ కాయితంల ఏమున్నయో అవే రాసుకో సారు. నంబరు నేన్ చెప్త. సున్నకెల్లి మొదలువెట్టి రాయి."

గుమాస్తా రాసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.