ఒడ్డున తాడు పట్టినవాడు

ఆ వానాకాలం నేను సిద్దిపేటలో లీడింగ్ ఫైర్‌మన్‌ని. రిటైర్మెంటు దగ్గరపడింది. చిన్నకోడూరు వైపు వాగు పొంగి, కల్వర్టు దాటుతున్న భార్యాభర్తలు బండితో సహా కొట్టుకుపోయారని కాల్ వచ్చింది.

వరదలో మా పద్ధతి ఇది. ఒకడు నడుముకు తాడు కట్టుకొని దిగుతాడు, ఇంకొకడు ఒడ్డున ఆ తాడు పట్టుకుంటాడు. నీటి హోరులో అరుపు వినపడదు గనక గుంజడమే మాట. ఒక గుంజు ఆపమని, రెండు ఇంకాస్త తాడు వదలమని, మూడు లాగమని. నేను దిగాను, మా స్టేషన్‌లోనే ఫైర్‌మన్ సాయిలు తాడు పట్టాడు. తుమ్మకొమ్మ పట్టుకొని వేలాడుతున్న భార్యను ఒడ్డుకు చేర్చాం. భర్త కోసం మళ్లీ దిగి రెండుసార్లు గుంజాను. సాయిలు వదిలాడు. ఆ భర్త చొక్కా నా వేళ్లకు అంది, జారిపోయింది. మర్నాడు శవం దొరికింది.

ఆ తర్వాత సాయిలు తాడు ముట్టలేదు. డ్రిల్లులో చేతికిస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఉద్యోగం వదిలేస్తానన్నాడు.

"నేనే ఎక్కువ ఇడిసిన అన్నా. గందుకే జారిండు."

"గుంజింది నేను. నువ్వు ఇడువకుంటే ఆయన దాంక పోయెటోన్నే కాదు."

"నా మనసు కోసం చెప్తున్నవ్."

చెప్పి లాభం లేదని పెద్దదవాఖానకు, మనసు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. దారి పొడుగునా తిట్టాడు.

"నన్ను పిచ్చోన్ని చేస్తున్నవా?"

"పిచ్చో గిచ్చో నాకు తెల్వది. నీకు నిద్ర లేదు. నడువ్."

గది బయట బల్ల మీద, వాగులో బతికిన ఆ భార్య ఒక్కతే కూర్చొని ఉంది. చినుకు పడితే ఇంట్లో ఉండలేక రోడ్డు మీదికి ఉరుకుతోందట. వాళ్లన్న దింపి పొలానికి పోయాడట. మమ్మల్ని గుర్తుపట్టింది.

సాయిలు తల దించుకున్నాడు. "తాడు పట్టింది నేనే అక్కా."

ఆమె, "ఎరికే. నన్ను గుంజింది గూడ గా తాడే గదా" అని, పక్కకు జరిగి జాగ ఇచ్చింది.

సాయిలు లోపలికి పోయాక, చీటీలో నా పేరు కూడా రాయాలా అని నర్సమ్మ అడిగింది. నాకేమైందని కసిరాను. నా భార్య పోయాక ఇంట్లో నేనొక్కణ్నే. వాగు నుంచి వచ్చిన నాటి నుంచి మనిషి గొంతు వినపడాలని టీవీ ఆపకుండా పడుకుంటున్నాను. కాసేపటికి రాయమన్నాను.

సాయిలు మందులు వాడాడు, ఉద్యోగం వదల్లేదు. తాడు పట్టడానికి మాత్రం చాలా నెలలు పట్టింది.

మా పనిలో పంపుకూ పైపుకూ తనిఖీ ఉండేది, మనిషికి లేదు. కాల్ నుంచి వచ్చినవాణ్ని పేరు పెట్టి అడగాలి. బాగున్నానంటే మళ్లీ అడగాలి. నిద్ర పట్టనివాణ్ని డాక్టరు దగ్గరికి తోలుకుపోవాలి. ఇక ఆ రోజు వాగులో ఆమెను ఒడ్డుకు చేర్చి, మా పని అయిపోయిందనుకొని బండెక్కి వచ్చేశాం. ఆమె ఎట్లుందని మళ్లీ పోయి అడగలేదు; అప్పటికి మా పని సగమే అయింది.